పళ్ళ పట్టా మీద నీలగిరి: మీ ప్రశ్నలు, మా జవాబులు

తమిళనాడులో మెట్టుపాళయం నుంచి ఊటీకి, పట్టాల నడుమ వేసిన పళ్ళున్న ఉక్కు బద్దను (అదే పళ్ళ పట్టా) ఇంజన్ పళ్ళ చక్రంతో పట్టుకుని ఎక్కే నీలగిరి కొండ రైలు గురించి గోదావరి జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం. రైళ్ళ వేళలు అప్పుడప్పుడు మారుతుంటాయి, టికెట్ తీసే ముందు మరోసారి సరిచూసుకోండి.

ఊటీ నుంచి కూనూరు దాకా బొమ్మ రైలు ఎక్కాం. డీజిల్ ఇంజన్ లాగింది. పట్టాల మధ్య పళ్ళూ లేవు, ఆవిరీ లేదు. ఫొటోల్లో చూసే ఆవిరి రైలు ఇప్పుడు ఆపేశారా?
– ఒక పాఠకుడు, భీమవరం

ఆపలేదండి. మీరు ఎక్కింది ఆ దారిలో పై ముక్క మాత్రమే. మొత్తం దారి 46 కిలోమీటర్లు. మెట్టుపాళయం నుంచి కూనూరు వరకు ఆవిరి ఇంజన్, కూనూరులో దాన్ని విప్పేసి ఊటీ వరకు డీజిల్ ఇంజన్ తగిలిస్తారు. పళ్ళ పట్టా మెట్టుపాళయం తర్వాత వచ్చే కల్లార్ దగ్గర మొదలై కూనూరులో అయిపోతుంది. దేశం మొత్తంలో పళ్ళ పట్టా ఉన్న రైలు దారి ఇదొక్కటే. ఊటీ చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చాలామంది సాయంత్రం సరదాకి ఊటీ–కూనూరు టికెట్ కొనేసి, కొండ రైలు ఎక్కేశాం అనుకుంటారు. తేయాకు తోటలు, కేత్తి లోయ అందంగానే ఉంటాయి, కాదనం. కానీ ఈ రైలుకి పేరు తెచ్చిన పనంతా కింద, కల్లార్ నుంచి కూనూరు దాకా ఉన్న ఆ 20 కిలోమీటర్లలోనే జరుగుతుంది.

ఈసారి వెళ్తే మెట్టుపాళయంలోనే ఎక్కండి. అదీ పైకి వెళ్ళే రైలే ఎక్కండి. ఎక్కేటప్పుడు ఇంజన్ తన బలమంతా పెట్టి నెడుతుంది, దిగేటప్పుడు ఎక్కువసేపు బ్రేకుల మీదే ఉంటుంది. ఉదయం 7:10కి బయల్దేరి మధ్యాహ్నం 12 గంటలకు ఊటీ చేరుతుంది. పిల్లలకో పెద్దవాళ్ళకో అయిదు గంటలు కూర్చోవడం కష్టమైతే పదిన్నర ప్రాంతంలో కూనూరులో దిగిపోండి, అక్కణ్ణుంచి ఊటీకి బస్సులు ఉంటాయి. అలా దిగిపోయినా అసలు ముక్క చూసేసినట్టే.

అత్తగారికి 70 దాటాయి, పిల్లలు ఇద్దరు, మొత్తం ఆరుగురం. ఇక్కణ్ణుంచి ఎలా వెళ్ళాలి? టికెట్లు దొరకవని అందరూ అంటున్నారు.
– ఒక గృహిణి, పాలకొల్లు

దొరుకుతాయి, కాకపోతే ముందుచూపు కావాలి. రైలుకి నాలుగైదు చిన్న పెట్టెలే ఉంటాయి, అందుకే అంత గిరాకీ. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుస్తారు. రైల్వే వెబ్‌సైట్లో "ఊటీ" అని కొట్టి రాలేదని వదిలేసేవాళ్ళున్నారు. స్టేషన్ పేరు ఉదగమండలం, కోడ్ యూఏఎమ్. మెట్టుపాళయం కోడ్ ఎమ్‌టీపీ, కూనూరుది ఓఎన్ఆర్. ఫస్ట్ క్లాసు, సెకండ్ క్లాసు రెండూ ఉంటాయి. ఆన్‌లైన్లో తీసిన టికెట్ చార్టు వేశాక కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దయిపోతుంది, దాంతో రైలెక్కనివ్వరు. ఆరుగురిలో నలుగురికి దొరికి ఇద్దరికి దొరక్కపోతే పెద్ద చిక్కు, కాబట్టి 60వ రోజునే ఫోన్ పట్టుకుని కూర్చోండి.

ఇక దారి. చెన్నై సెంట్రల్లో రాత్రి తొమ్మిది దాటాక బయల్దేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లారి ఆరుంపావు ప్రాంతంలో మెట్టుపాళయంలో దించుతుంది. కొండ రైలు అదే స్టేషన్లో ఉంటుంది. మీవైపు వాళ్ళు భీమవరం మీదుగానో, తాడేపల్లిగూడెం లేదా రాజమండ్రి వచ్చో చెన్నై రైలు పట్టుకోవాలి. కోనసీమ వాళ్ళకు రాజమండ్రే సులువు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మీరు ఎక్కిన రైలు ఎగ్మోర్‌కి పోతుందో సెంట్రల్‌కి పోతుందో చూసుకోండి, ఎగ్మోర్ అయితే ఆటోలో సెంట్రల్‌కి రావాలి. రెండోది, హౌరా వైపు నుంచి వచ్చే దూరపు రైళ్ళు ఆలస్యమవడం మామూలే. సాయంత్రం చెన్నై చేరి రాత్రి రైలు అందుకోవచ్చులే అనుకుంటే, అది తప్పితే పొద్దున కొండ రైలూ తప్పినట్టే. చెన్నైకి మధ్యాహ్నంలోపే చేరేలా చూసుకోండి.

నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేది ముందు రోజు రాత్రి, కాబట్టి దాని టికెట్లు కూడా ఒకరోజు ముందే తెరుస్తారు. ముందు అది తీసేయండి. మర్నాడు పొద్దున కొండ రైలు దొరక్కపోతే మొదటిది రద్దు చేసుకోవచ్చు, కొంత సొమ్ము మాత్రం పోతుంది.

అత్తగారిని దృష్టిలో పెట్టుకుంటే మాకు ఇంకో దారి నచ్చుతుంది. ధన్‌బాద్–అలప్పుళ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి, విజయవాడ మీదుగా నేరుగా కోయంబత్తూరు పోతుంది. అక్కణ్ణుంచి మెట్టుపాళయం 40 కిలోమీటర్ల లోపే. రాత్రికి మెట్టుపాళయంలోనే బస చేసి పొద్దున తీరిగ్గా స్టేషన్‌కి వెళ్ళొచ్చు.

రైస్ మిల్లులో బాయిలర్ పని చేస్తాను. రెండు ప్రశ్నలండి. పళ్ళ చక్రాన్ని తిప్పేది ఆ ఇంజనేనా, వేరే ఏర్పాటు ఉందా? ఆ రైలు మాటిమాటికీ నీళ్ళకి ఆగుతుందట, ఎందుకు?
– తణుకు

మీ పని తెలిసినవాళ్ళకు ఈ ఇంజన్ బాగా అర్థమవుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ఈ దారిలో తిరిగేవి ఎక్స్ క్లాసు ఇంజన్లు. 1914 మొదలు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్ ఊళ్ళో తయారై వచ్చాయి. ఆ తర్వాత తిరుచిరాపల్లి దగ్గర గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో మనవాళ్ళే కొత్తవి కట్టారు. ఒక్కో ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు. కింది రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి. పై రెండూ పళ్ళ చక్రాల కోసం. బాయిలర్ ఒక్కటే. మెట్టుపాళయం నుంచి కల్లార్ వరకు నేల దాదాపు చదునే, అక్కడిదాకా కింది సిలిండర్లు ఒక్కటే పనిచేస్తాయి, వాడిన ఆవిరి నేరుగా పొగగొట్టంలోకి పోతుంది. పళ్ళ పట్టా మీదకి వచ్చాక డ్రైవర్ వాల్వు మారుస్తాడు. కింది సిలిండర్లలో ఎక్కువ ఒత్తిడి మీద పనిచేసిన ఆవిరి బయటికి పోకుండా పై సిలిండర్లలోకి వెళ్ళి, తక్కువ ఒత్తిడిలో రెండోసారి పనిచేస్తుంది. అదే ఆవిరితో రెండు పనులు. మెట్టుపాళయం ప్లాట్‌ఫారం మీద ఇంజన్ పక్కన నిలబడి రైలు కదిలేటప్పుడు చూడండి, కింది కడ్డీలు తిరుగుతుంటే పై కడ్డీలు కదలకుండా ఉంటాయి. కల్లార్ దాటాక వంపులో కిటికీలోంచి చూస్తే పైవి కూడా ఆడుతుంటాయి. ఇంజన్ చప్పుడు కూడా అక్కడే మారిపోతుంది.

పళ్ళ పట్టా రెండు ఉక్కు బద్దలు. మామూలు పట్టాల నడుమ, వాటికంటే కాస్త ఎత్తులో, పక్కపక్కనే వేస్తారు. ఒక బద్ద పన్ను ఉన్నచోట రెండో బద్దకి సందు వస్తుంది. పళ్ళ చక్రాలు కూడా జంటగా అదే తేడాతో ఉంటాయి. ఎప్పుడు చూసినా ఏదో ఒక పన్ను గట్టిగా పట్టుకునే ఉంటుంది, వంపుల్లో జారిపోదు, కుదుపూ తగ్గుతుంది. ఈ పద్ధతి కనిపెట్టిన స్విస్ ఇంజనీరు రోమన్ ఆప్ట్ పేరుతోనే దీన్ని ఆప్ట్ పద్ధతి అంటారు.

పన్నుకి పన్ను తగిలితే ఏమవుతుందన్నది అసలు గడ్డు సమస్య. కదులుతున్న చక్రం పన్ను సరిగ్గా బద్ద పన్ను నెత్తిన పడితే రెండూ దెబ్బతింటాయి. అందుకని పళ్ళ పట్టా మొదలయ్యే చోట తొలి ముక్కను స్ప్రింగుల మీద కూర్చోబెడతారు. పళ్ళు కుదరకపోతే ఆ ముక్క కిందికి నొక్కుకుని, కుదిరాక పైకి లేస్తుంది. డ్రైవర్ కూడా రైలును మనిషి నడిచే వేగానికి తగ్గించి మెల్లగా ఎక్కిస్తాడు. కల్లార్ దాటగానే కాళ్ళ కింద చిన్న గరగర, ఒక అదురు తెలుస్తాయి. పన్ను పట్టు దొరికిందన్నమాట.

ఇక నీళ్ళు. మీ మిల్లులో ఊక మండించి పుట్టించిన ఆవిరిలో కొంతైనా నీరై తిరిగి ట్యాంకులోకి తెచ్చుకునే వీలుంటుంది. రైలింజన్‌లో ఆ వీలు లేదు. పని అయిపోయిన ఆవిరిని పొగగొట్టంలోకి ఊదుతారు, ఆ ఊపుతోనే మంటకు గాలి లాగుతుంది. అంటే బాయిలర్‌లో వేసిన ప్రతి చుక్కా గాలిలో కలిసేదే. పైగా ఈ ఇంజన్‌కి వెనక వేరే టెండరు (నీళ్ళు, బొగ్గు మోసే బండి) ఉండదు, నీళ్ళు ఇంజన్ మీదే ఉన్న ట్యాంకుల్లో మోసుకెళ్ళాలి. బరువు పెంచితే కొండ ఎక్కే శక్తి ఆ మేరకు పోతుంది. అందుకే కొంచెం నింపుకుని, దారిలో హిల్‌గ్రోవ్, రన్నీమీడ్ లాంటి స్టేషన్లలో ఆగి మళ్ళీ పట్టుకుంటారు. ఆ ఆగడాలే ప్రయాణికులకు దిగి ఇంజన్ చూసే అవకాశం.

మీకు తెలిసిన ఇంకో భయం కూడా ఇక్కడ ఉంది. ఫైర్‌బాక్స్ (మంట మండే గది) పైకప్పు మీద నీళ్ళు ఎప్పుడూ కప్పి ఉండాలి, అది బయటపడితే రేకు ఎర్రబడి కుంగిపోతుంది. చదునులో గేజ్ గ్లాసు (బాయిలర్ నీటి మట్టం తెలిపే గాజు గొట్టం) చూపించిన మట్టం వాలులో అలాగే ఉండదు, నీరు ఒక పక్కకి చేరుతుంది. అందుకని వాలు మారే ప్రతిచోటా ఫైర్‌మన్ కళ్ళు ఆ గాజు గొట్టం మీదే ఉంటాయి.

ఇంధనం సంగతి: మొదట్లో అన్నీ బొగ్గువే. నిప్పురవ్వలతో అడవి అంటుకునే ప్రమాదం ఉందని 2002 నుంచి కొన్నింటిని నూనెతో నడిచేలా మార్చారు. మీ రోజున ఏది వస్తుందన్నది మీ అదృష్టం.

అరకు రైలు కూడా కొండ ఎక్కుతుంది గదా. డార్జిలింగ్ రైలైతే ఇంకా ఎత్తుకి పోతుంది. వాటికి లేని పళ్ళు దీనికెందుకు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

ఎంత ఎత్తుకి పోయామన్నదాని కన్నా ఎంత నిటారుగా పోయామన్నదే ఇక్కడ లెక్క. మాస్టారు కాబట్టి లెక్కతోనే చెబుతాం. 100 టన్నుల రైలు 60 మీటర్లకు 1 మీటరు చొప్పున ఎక్కుతుంటే, కిందికి జారిపోకుండా పట్టి ఉంచడానికే దాదాపు 1.7 టన్నుల బలం కావాలి. నీలగిరి దారిలో బాగా నిటారైన చోట 12 మీటర్లకు 1 మీటరు ఎక్కాలి. అదే రైలుకి 8 టన్నులు దాటుతుంది. 50 టన్నుల ఇంజన్ చక్రాలకు పొడి పట్టా మీద తన బరువులో అయిదో వంతు పట్టు దొరికిందనుకోండి, 10 టన్నులు, చాలినట్టే ఉంటుంది. చినుకు పడి, ఆకులు రాలి పట్టా జారుడుగా ఉంటే ఆ పట్టు సగానికి పడిపోతుంది. చక్రాలు తిరుగుతాయి, రైలు కదలదు, వెనక్కి జారినా జారుతుంది. ఏడాదిలో చాలా రోజులు మంచులో, వానలో తడిసే కొండ మీద దాన్ని నమ్ముకోలేరు.

అరకు దారి పొడవు పెంచి వాలు తగ్గించుకుంది. విశాఖ నుంచి వంద కిలోమీటర్ల పైన తిరిగి, సొరంగాలు దాటి షిమిలిగూడ దగ్గర 1,000 మీటర్ల లోపు ఎత్తుకి చేరుతుంది. డార్జిలింగ్‌లో చుట్లు తిరుగుతూ, కొన్నిచోట్ల వెనక్కీ ముందుకీ నడుస్తూ ఎక్కుతారు. నీలగిరిలో కల్లార్ నుంచి కూనూరు దాకా 20 కిలోమీటర్లలోనే 1,300 మీటర్లు ఎక్కేయాలి. పళ్ళు తప్ప గతి లేదు. కూనూరు పైన వాలు 25కి 1 అయింది కాబట్టి అక్కడ పళ్ళు మానేశారు.

మెట్టుపాళయం నుంచి కూనూరుకి రైళ్ళు 1899లో మొదలయ్యాయి, మన రాజమండ్రి హేవలాక్ వంతెన కంటే ఒక ఏడాది ముందు. ఊటీ వరకు 1908లో పొడిగించారు. 2005లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్ళు ఆగిపోయాయి, ఈ దారి ఇంకా నడుస్తోంది. అందుకే వీలున్న ప్రతివాళ్ళూ వెళ్ళి ఎక్కాలని మా కోరిక.

ఇంజన్ వెనకాల ఉండి నెడుతుందట. పెట్టెలు ఊడిపోతే?
– తాడేపల్లిగూడెం

ఆ భయానికి జవాబే ఆ ఏర్పాటు. ఇంజన్ ముందుండి లాగితే, కొక్కెం తెగినప్పుడు పెట్టెలు లోయ వైపు దొర్లిపోతాయి. పల్లం వైపున ఇంజన్ ఉంటే పెట్టెలు దాని మీదే ఆనుకుని ఉంటాయి. దిగేటప్పుడు కూడా ఇంజన్ కింది వైపే ఉంటుంది.

బ్రేకులు ఒకటి పోతే ఇంకొకటి ఉండేలా పెట్టారు. పెట్టెల మీద బ్రేకుమన్లు నిలబడి చేతి బ్రేకు పట్టుకుని ఉంటారు, జెండాలతో ఒకరికొకరు సైగ అందించుకుంటారు. ఇంజన్‌లో పళ్ళ చక్రాలకు వేరే బ్రేకు ఉంటుంది. దిగేటప్పుడు సిలిండర్లలోకి ఆవిరి బదులు గాలి లాగి, దాన్ని నొక్కించి, ఆ ఎదురుబలంతో వేగాన్ని అదుపులో ఉంచుతారు. పళ్ళ పట్టా మీద గంటకు 13 కిలోమీటర్లు మించనివ్వరు.

ఇంజన్ వెనక ఉండడం వల్ల ఒక లాభం కూడా ఉంది. అన్నిటికన్నా ముందున్న పెట్టెలో కూర్చున్నవాళ్ళకు ఎదురుగా పట్టా, సొరంగం నోరు, వంతెన అన్నీ కనిపిస్తాయి. ఆవిరి ఇంజన్ చూడాలనుకుంటే వెనక పెట్టె మేలు.

రైల్లో బాత్‌రూమ్ ఉంటుందా?
– మధుమేహం ఉన్న పాఠకురాలు, నరసాపురం

ఉండదు. మెట్టుపాళయంలో బయల్దేరే ముందు ఒకసారి, తర్వాత రైలు ఆగిన స్టేషన్లలో వెళ్ళాలి. రైలు ఎంతసేపు ఆగుతుందో దిగే ముందే గార్డును అడగండి. మాత్రలు, తినడానికి ఏదైనా చేతిసంచిలోనే పెట్టుకోండి. హిల్‌గ్రోవ్‌లో కోతులు కిటికీ దగ్గరకే వచ్చి చేతిలోది లాక్కుపోతాయి, పొట్లం విప్పకండి. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం, ఇంటి నుంచే స్టీలు సీసా తీసుకెళ్ళండి. పెద్ద సూట్‌కేసులకు పెట్టెలో చోటుండదు.

సార్వా కోతలయ్యాక, దాళ్వా నాట్లకు ముందు ఓ వారం తీరిక దొరుకుతుంది. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో వెళ్ళొచ్చా?
– రైతు, ఆచంట

మీ తీరిక, ఆ కొండ మీద వాన ఒకే సమయంలో పడ్డాయి. మనకు తుఫాన్లు తెచ్చే ఈశాన్య రుతుపవనమే కూనూరు వైపు కొండను అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ముంచెత్తుతుంది. కల్లార్, కూనూరు మధ్య దారంతా కొండను కోసి వేసిందే. మట్టి నాని బండలు, చెట్లు పట్టా మీద పడతాయి. పళ్ళ బద్ద మీద పడిన ఒక్క రాయి కూడా తీసేదాకా రైలు కదలదు, బద్ద దెబ్బతింటే మార్చాలి. అందుకే ఆ నెలల్లో రైలు రోజుల తరబడి రద్దవుతుంటుంది. రైల్వే రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది, కానీ ఇంత దూరం వెళ్ళిన ప్రయాణం పోయినట్టే.

దాళ్వా నాట్లు పూర్తిచేసుకుని జనవరి చివర, ఫిబ్రవరిలో వెళ్ళండి. ఆకాశం తేటగా ఉంటుంది, వేసవి సెలవుల రద్దీ ఉండదు. చలి మాత్రం ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది. స్వెట్టరు, చెవులకు మఫ్లరు సూట్‌కేసులో కాకుండా చేతిలో ఉంచుకోండి, కూనూరు చేరేసరికి కావాలి. సొంత కారులో వెళ్ళేట్టయితే నీలగిరికి ఈ-పాసు ముందే తీసుకోవాలి. మెట్టుపాళయం నుంచి కూనూరు రోడ్డులో 14 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, వాంతులయ్యేవాళ్ళకు రైలే సుఖం.

అమెరికాలో బోస్టన్ దగ్గర ఉన్న అబ్బాయి దగ్గరకు వెళ్తున్నాం. అక్కడా ఇలాంటి పళ్ళ రైలు ఉందట, నిజమేనా?
– దంపతులు, రావులపాలెం

నిజమే, అదే అన్నిటికీ పెద్దన్న. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో వాషింగ్టన్ కొండ మీదకి 1869లో నడిచింది, కొండ ఎక్కిన పళ్ళ రైళ్ళలో ప్రపంచంలోనే మొదటిది. కట్టినాయన సిల్వెస్టర్ మార్ష్. అక్కడి పళ్ళ పట్టా నిచ్చెనలా ఉంటుంది, రెండు ఇనుప బద్దల మధ్య అడ్డంగా మెట్లు, వాటిని పళ్ళ చక్రం పట్టుకుని ఎక్కుతుంది. వాలు నీలగిరి కంటే ఎంతో ఎక్కువ, అత్యధికంగా 37 శాతం పైన. అంత వాలులో నీటి మట్టం సరిగా ఉండాలని బాయిలర్‌నే ముందుకు వంచి బిగించారు, అందుకే చదునులో నిలబడ్డప్పుడు ఇంజన్ ముక్కు కిందికి వాలినట్టు కనిపిస్తుంది. పెట్టెను ఇంజన్‌కి తగిలించరు కూడా, వెనకనుంచి నెడతారంతే. పెట్టెకు సొంత బ్రేకులుంటాయి.

టికెట్ తీసేటప్పుడు ఒకటి చూసుకోమనండి అబ్బాయిని. ఇప్పుడు అక్కడ చాలా ట్రిప్పులు బయోడీజిల్ ఇంజన్లవే. ఆవిరి ఇంజన్ ట్రిప్పులు కొన్నే, వాటి టికెట్ వేరే. తేదీ ఎంచుకునేటప్పుడే ఆవిరి ట్రిప్పు అని ఉన్నదే తీయాలి. శీతకాలంలో శిఖరం దాకా తీసుకెళ్ళరు, మధ్యలోనే ఆగి వెనక్కి వస్తారు, కాబట్టి వేసవిలో వెళ్ళండి. పోనూ రానూ, పైన గడిపే గంటతో కలిపి మూడు గంటలు పడుతుంది.

ఆ శిఖరం 1,917 మీటర్లే, మన ఊటీ కంటే తక్కువ. ఆ లెక్క చూసి పల్చటి బట్టల్లో వెళ్ళకండి. 1934లో గంటకు 231 మైళ్ళ గాలి నమోదైన చోటది, జూలైలో కూడా పైన కోటు, తలకు టోపీ ఉండాలి.